చివరి మడికి నీళ్ళు

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య దీవించి రాయునది.

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమం. డ్రెస్డెన్‌లో ఉంటున్న మన చిన్నోడు ఈ ఎండాకాలం సెలవుల్లో అమ్మానాన్నలతో క్రొయేషియా వెళ్ళొచ్చాడు. అక్కడ సముద్రం మీద కొత్త వంతెన చూశాడట. దానికి ఎక్కువ డబ్బు యూరోపియన్ యూనియన్ ఇచ్చిందని, ఆ యూనియన్‌కు అందరికంటే ఎక్కువ ఇచ్చేది జర్మనీ అని వాళ్ళ నాన్న చెప్పాడట. "అంటే నాన్న కట్టే టాక్స్‌తో వేరే దేశంలో వంతెన కట్టారా? ఎందుకు తాతయ్యా?" అని అడిగాడు. ఫోన్లో తేలే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కూడా చదవండి.

ముందు ఆ వంతెన సంగతి. దాని పేరు పెల్యెషాట్స్. పటంలో క్రొయేషియా తీరం చూడండి. పొడుగ్గా వస్తూ వస్తూ ఒకచోట తెగిపోతుంది. మధ్యలో నేయుమ్ అనే ఊరి దగ్గర ఇరవై కిలోమీటర్ల తీరం బోస్నియాది. ఆ పక్కనున్న దుబ్రోవ్నిక్ మళ్ళీ క్రొయేషియాదే. వంతెన రాకముందు సొంత దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి రెండుసార్లు సరిహద్దు దాటాల్సి వచ్చేది, రెండుసార్లు కాగితాలు చూపించాల్సి వచ్చేది, ఎండాకాలమైతే గంటలకొద్దీ లైన్లో ఆగాల్సి వచ్చేది. 2013లో క్రొయేషియా యూనియన్‌లో చేరింది. 2022 జూలై 26న ఈ వంతెన తెరిచారు. పొడవు సుమారు 2.4 కిలోమీటర్లు. యూనియన్ ఇచ్చింది 35.7 కోట్ల యూరోలు. లెక్కకు తీసుకున్న ఖర్చులో అది 85 శాతం.

ఇంత ఎందుకిచ్చారో తెలియాలంటే మా ఊరి చెరువు దగ్గరికి రావాలి.

తూము పక్కన పొలాలున్నవాళ్ళకు ఎప్పుడూ నీళ్ళ బాధ లేదు. మన పొలం కాలువ చివర. దారిలో ప్రతి మడీ తాగుతూ పోతే, మా దాకా వచ్చేసరికి కాలువలో తడి మాత్రమే మిగిలేది. అందుకే ఊరికి నీరటి ఒకాయన ఉండేవాడు. భుజాన పార వేసుకుని గట్ల మీద తిరుగుతూ, నిండిన మడికి మడవ మూసి, ఎండిన మడికి మడవ తీసేవాడు. ఆయన మాటకు పెద్ద రైతులు కూడా ఎదురు చెప్పేవాళ్ళు కాదు. నాట్ల కాలంలో మా నాయన నన్ను రాత్రిపూట లాంతరుతో కాలువ గట్టు మీద కూర్చోబెట్టేవాడు, పైన ఎవరైనా గండి కొడితే తెలియాలని. నీళ్ళు రావడం ఎలా ఉంటుందో మీరు చూడలేదు. ముందు నీళ్ళు కనబడవు. ఎండుటాకులు కదిలిన గలగల వినబడుతుంది. తర్వాత నురగ, ఆ నురగ మీద కొట్టుకొచ్చే పుల్లలు, చీమలు. ఆ వెనక నీళ్ళు. అది చూడగానే "వచ్చినయ్ నాయనా!" అని అరుచుకుంటూ ఉరికేవాణ్ణి.

సరే, యూరప్‌కు పోదాం. 1957లో ఆరు దేశాలు రోమ్‌లో ఒప్పందం రాసుకున్నాయి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. తమ మధ్య సుంకాలు తీసేసి అందరికీ ఒకే మార్కెట్ చేసుకుందామన్నారు. అదే తూము ఎత్తడం. ఆ కూటమే తర్వాత యూరోపియన్ యూనియన్ అయింది. ప్రాంతాల మధ్య తేడాలు తగ్గాలని ఆ ఒప్పందం మొదట్లోనే రాసుకున్నారు. అప్పులివ్వడానికి ఒక బ్యాంకు పెట్టారు, పనివాళ్ళ శిక్షణకు ఒక నిధి పెట్టారు. వెనకబడిన ప్రాంతాల కోసం విడిగా నిధి మాత్రం పెట్టలేదు. నీళ్ళు వదిలితే అవే చివరిదాకా పారతాయనుకున్నారు.

పారలేదు. ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు పై మడుల్లోనే నిలిచాయి. ఇటలీ దక్షిణాన కలాబ్రియా, సిసిలీ లాంటిచోట్ల మనుషులు రైలెక్కి టూరిన్‌కు, మిలాన్‌కు, జర్మనీ ఫ్యాక్టరీలకు పోయారు. బొగ్గు గనుల పనికి బెల్జియం పోవడం అంతకుముందు నుంచే ఉంది. 1956లో అక్కడ మార్సినెల్ గనిలో ప్రమాదం జరిగి 262 మంది చనిపోతే, వాళ్ళలో 136 మంది ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళే. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కిన కుటుంబాలను చూసిన నాకు ఈ అంకె చదివితే గుండె బరువెక్కుతుంది. ఊరు విడిచి పోవాలనిపించి పోవడం వేరు, ఊళ్ళో బతుకు లేక పోవడం వేరు.

1973లో బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్ చేరాయి. అప్పటికి యూరప్ ఉమ్మడి డబ్బులో పెద్ద భాగం రైతులకే పోయేది. రైతులు తక్కువున్న బ్రిటన్‌కు అందులో దక్కేది కొంచెమే. కానీ అక్కడ బొగ్గు గనులు, ఓడల తయారీ, బట్టల మిల్లులు దెబ్బతిని చితికిపోయిన జిల్లాలు చాలా ఉన్నాయి. ఐర్లండ్ అప్పట్లో పేద దేశం. ఇటలీ ఎప్పటినుంచో అడుగుతోంది. చమురు ధరలు మండిపోయి, డబ్బిచ్చేవాళ్ళు వెనకాడి, చర్చ సాగి సాగి చివరికి 1975లో ప్రాంతీయ అభివృద్ధి నిధి పెట్టారు. మూడేళ్ళకు 130 కోట్ల యూనిట్లు. యూరో పుట్టకముందు లెక్కలు అలా రాసుకునేవాళ్ళు.

యూరప్‌కు నీరటి వచ్చాడు. కానీ చేతులు కట్టేసి తెచ్చారు. ఏ దేశానికి ఎంత వాటానో ముందే రాసేశారు: ఇటలీకి 40 శాతం, బ్రిటన్‌కు 28, ఫ్రాన్స్‌కు 15, ఐర్లండ్‌కు 6. సంపన్న దేశం లక్సెంబర్గ్‌కు కూడా 0.1 శాతం! వచ్చిన వాటా ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆ దేశ ప్రభుత్వమే చూసుకునేది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఈ నిధి నుంచి వచ్చినంత డబ్బు తమ బడ్జెట్‌లోంచి తగ్గించేసుకున్న ప్రభుత్వాలున్నాయి. నీరటి మడవ తీశాడు కదా అని సొంత బావి మోట ఆపేస్తే, మడికి ఒక్క చుక్కైనా ఎక్కువ అందుతుందా?

దీన్ని సరిచేసింది ఫ్రాన్స్‌కు చెందిన జాక్ దెలోర్. 1985 నుంచి పదేళ్ళు, ఈ కూటమి పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌కు అధ్యక్షుడిగా ఉన్నాడు. గ్రీస్ 1981లో, స్పెయిన్, పోర్చుగల్ 1986లో చేరాయి. మూడూ చివరి మడులే. పైగా 1992 చివరికల్లా ఎలాంటి అడ్డూ లేని ఒకే మార్కెట్ కావాలని నిర్ణయమైంది. తూము ఇంకా ఎత్తబోతున్నాం, పై మడులే తాగేస్తే ఎలా అని దక్షిణ దేశాలు అడిగాయి. న్యాయమైన మాట. 1988లో దెలోర్ పద్ధతి మొత్తం మార్చాడు. డబ్బు రెట్టింపు చేశారు. తలసరి ఉత్పత్తి, అంటే ఒక్కో మనిషి లెక్కన వచ్చే సంపద, కూటమి సగటులో 75 శాతం కంటే తక్కువున్న ప్రాంతానికే పెద్ద సాయమన్నారు. కొన్నేళ్ళకు ముందే ప్లాన్ రాసివ్వాలి, ఆ ప్లాన్‌లో స్థానికుల పాత్ర ఉండాలి, సొంత ఖర్చు తగ్గించకూడదు, తమ వంతు డబ్బు కలపాలి. మా ఊళ్ళోనూ కాలువ పూడిక తీసేటప్పుడు ఇంటికో మనిషి పార పట్టుకుని రావాల్సిందే, రాని ఇంటికి నీళ్ళు లేవు. ఇప్పటి రూల్స్‌లో గడువు కూడా ఉంది. మంజూరైన డబ్బు కొన్నేళ్ళలో ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుంది. నీళ్ళు వచ్చిన రోజున మడి దున్ని సిద్ధంగా ఉంచుకోవాలి మరి.

తర్వాత, కూటమిని యూనియన్‌గా మార్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ఇంకో నిధి వచ్చింది, దేశం మొత్తంగా సగటులో 90 శాతం కంటే కిందున్నవాళ్ళకు. స్పెయిన్, పోర్చుగల్, గ్రీస్, ఐర్లండ్ దానితో రోడ్లు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాయి.

2004లో ఒకేసారి పది దేశాలు చేరాయి. ఎక్కువగా తూర్పువి. ఇక్కడ ఒక లెక్క ఉంది, కాగితం పెన్సిల్ తీసుకోండి. సగటు 100 అనుకుందాం. మీ ప్రాంతం 72. అంటే 75కి కింద, సాయం వస్తుంది. పేద దేశాలు చేరి సగటు 90కి పడింది. మీరు అక్కడే ఉన్నారు, 72. కానీ 90లో 72 అంటే 80 శాతం! ఒక్క రూపాయి పెరగకుండానే గీత దాటేశారు. నిజంగానే కొన్ని ప్రాంతాలకు ఇలా జరిగింది. వాళ్ళకు సాయం ఒక్కసారిగా ఆపకుండా మెల్లమెల్లగా తగ్గించారు. నాకు నచ్చిన పని అది.

ఫలితమేమిటంటారా? పోలండ్ చేరినప్పుడు సగటులో దాదాపు సగం దగ్గర ఉంది, ఇప్పుడు నాలుగింట మూడు వంతులు దాటింది. ఐర్లండ్ ఇచ్చేవాళ్ళ వరుసలోకి వెళ్ళింది. ఇదంతా ఈ నిధి ఒక్కదాని గొప్ప అనకండి, వాళ్ళ చదువులు, కొత్త కంపెనీలు, సొంత కష్టం అన్నీ ఉన్నాయి. కలాబ్రియా మాత్రం ఇన్నేళ్ళ నీళ్ళు తాగి కూడా 75కి కిందే ఉంది. ఆఫీసుల్లో పనులు నత్తనడక, కాంట్రాక్టుల్లో మాఫియా, చదువుకున్న పిల్లలు ఉత్తరానికి పోవడం. నీళ్ళు రాగానే పంట రాదు. ఈ విషయంలో ఆర్థికవేత్తలు కూడా ఒక మాట మీద లేరు. తలచుకుంటే నాకు ఆశ్చర్యమే మిగులుతుంది.

ఈ డబ్బుతో చేసే పని కూడా మారుతూ వచ్చింది. మొదట్లో ఎక్కువగా రోడ్లు, వంతెనలు. తర్వాత యూనివర్సిటీ ల్యాబులు, చిన్న కంపెనీలు, ఇంటర్నెట్. ఇప్పుడు బొగ్గు మానేయాల్సిన పోలండ్ సిలీసియా లాంటి ప్రాంతాలకు విడిగా నిధి ఉంది. ఇలాంటి నిధులన్నీ కలిపి 2021 నుంచి 2027 దాకా మొత్తం సుమారు 39,200 కోట్ల యూరోలు. భయపడకండి. యూనియన్ మొత్తం సంపాదన వంద యూరోలనుకుంటే దాని బడ్జెట్ సుమారు ఒక్క యూరో, అందులో దాదాపు మూడో వంతు ఇది. మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన ఉంది. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేటప్పుడు 15వ ఆర్థిక సంఘం 45 శాతం బరువు తలసరి ఆదాయంలో వెనకబాటుకే ఇచ్చింది.

చిన్నోడా, ఇక నీ ప్రశ్న. నా చెరువు పోలిక ఇక్కడ చాలదు. చివరి మడికి పోయిన నీళ్ళు పైకి తిరిగి రావు, డబ్బు వస్తుంది. పోలండ్‌లో రోడ్డు వేస్తే దానికి మెషీన్లు అమ్మేది చాలాసార్లు జర్మనీ కంపెనీయే. కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు. నువ్వున్న డ్రెస్డెన్ కూడా చివరి మడే. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక తూర్పు భాగం బాగా వెనకబడి ఉంది. 1994 నుంచి ఆ తూర్పు రాష్ట్రాలకు ఈ నిధి పెద్దఎత్తున వచ్చింది. 2007 నుంచి 2013 దాకా కూడా మీ ప్రాంతం బాగా పేదవాటి లెక్కలోనే ఉంది. అంటే అప్పుడు ఇటలీవాళ్ళ టాక్స్, డెన్మార్క్‌వాళ్ళ టాక్స్ మీ ఊరికీ చేరింది.

ఈ ఆదివారం నాన్నను తీసుకుని బయల్దేరు. యూనివర్సిటీ వైపు భవనాల గోడలు, బాగుచేసిన పాత ఇళ్ళు, స్కూళ్ళు చూస్తూ నడవండి. నీలం మీద పన్నెండు బంగారు నక్షత్రాలున్న బోర్డు ఎక్కడైనా కనబడితే ఆగు. దాని మీద ఇ, ఎఫ్, ఆర్, ఇ అనే నాలుగు అక్షరాలుంటే అది జర్మన్‌లో ఈ ప్రాంతీయ నిధి పేరే. ఏ భవనం, ఏం పని, ఏ సంవత్సరం అన్నది నోట్‌బుక్‌లో రాసుకుని నాకు ఉత్తరం వెయ్యి. హైదరాబాద్ పిల్లలకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య