పేనుకొరుకుడు: పేను చేయని నేరం

తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి, చర్మం నున్నగా మెరుస్తుంటే గోదావరి జిల్లాల్లో దానిని పేనుకొరుకుడు అంటారు. కోనసీమలో చర్మవైద్యం చేసే నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది కారణాన్ని కూడా తామే నిర్ధారించుకుని వస్తారు, అది పేరులోనే ఉంది కనుక.

అపోహ: నిద్రలో పేనో, పురుగో వెంట్రుకలను కొరికేస్తుంది.

వాస్తవం: మచ్చ అంచును డెర్మోస్కోపుతో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరంతో, చూస్తే కొస లావుగా, మొదలు సన్నగా ఉన్న పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. పురుగు కొరికితే వెంట్రుక తెగుతుంది గాని మొదలు దగ్గర సన్నబడదు. అక్కడి చర్మపు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే, వెంట్రుక కుదురు చుట్టూ రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన మన సొంత తెల్ల రక్తకణాలు, టి-కణాలే, తేనెటీగల్లా ముసిరి ఉంటాయి.

అవి ఎందుకు ముసురుతాయన్నదానికి గట్టి ఆధారాలు చూపినవారిలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఆంజెలా క్రిస్టియానో ముఖ్యులు. ఆమెకూ ఈ వ్యాధి ఉంది. ఆమె బృందం 1,054 మంది రోగుల జన్యువులను 3,278 మంది ఇతరుల జన్యువులతో పోల్చి, 2010లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. తేడాలు ఎక్కువగా రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువుల్లోనే బయటపడ్డాయి. వాటిలో కొన్ని, ‘ఈ కణం ఆపదలో ఉంది’ అని టి-కణాలకు తెలిపే ప్రొటీన్లను తయారుచేసేవి. మామూలుగా టి-కణాల కంటపడకుండా ఉండే కుదురు, ఈ రోగుల్లో తన ఉనికిని తానే చాటుకుంటుందన్నమాట. 2014లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన పత్రం మిగతా కథ చెప్పింది: టి-కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వల్ల కుదురులో ఐఎల్-15 అనే మరో సంకేత ప్రొటీన్ పెరుగుతుంది, అది టి-కణాలను మరింత ఎగదోస్తుంది, ఈ రెండు సంకేతాలూ కణం లోపల కబురు చేరవేసే జాక్ ఎంజైముల మీదుగానే నడుస్తాయి. ఆ ఎంజైములను అడ్డుకునే రుక్సోలిటినిబ్ మాత్రలు ఇచ్చిన ముగ్గురు రోగులకు కొన్ని నెలల్లోనే దాదాపు జుట్టంతా తిరిగి వచ్చింది.

అపోహ: గురివింద గింజ అరగదీసి రుద్దితే తగ్గిపోతుంది.

వాస్తవం: ఒక పిల్లవాడిని నా దగ్గరికి తీసుకువచ్చేటప్పటికి మచ్చ మీద బొబ్బలు చితికి, రసి కారుతోంది. “ఎర్రబడేదాకా రుద్దమని మా అత్తగారు చెప్పారండి” అంది తల్లి. గురివిందలో ఉండే అబ్రిన్ తీవ్రమైన విషం. గీరుకుపోయిన చర్మం మీద అది పడకూడదు. అయితే ఆ అత్తగారు అబద్ధమాడారని నేను అనను. ఒకటి రెండు మచ్చలే ఉన్నవారిలో చాలామందికి ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు వెంట్రుకలు మొలుస్తాయి, పేరు గురివిందకు వస్తుంది. (నేను మచ్చలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు కూడా అప్పుడప్పుడు ఇలాంటి అయాచిత కీర్తి దక్కుతుందని ఒప్పుకోవాలి.)

అపోహ: సెలూన్ బ్లేడు వల్ల అంటుకుంటుంది, ఉప్పగా ఉండే బోరు నీళ్ల వల్ల వస్తుంది.

వాస్తవం: రెండూ కావు. పొట్టు రేగి, దురద పెడుతూ జుట్టు ఊడితే అది తామర కావచ్చు, అంటుకునేది అదే.

అపోహ: కొత్త మాత్రలు నాలుగు నెలలు వాడితే ఇక జన్మలో రాదు.

వాస్తవం: తీవ్రమైన పేనుకొరుకుడుకు, జాక్ ఎంజైములనే అడ్డుకునే బారిసిటినిబ్ మాత్రను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో ఆమోదించింది. పరీక్షల్లో రోజుకు 4 మిల్లీగ్రాముల చొప్పున వాడినవారిలో మూడోవంతు మందికి పైగా 36 వారాలకు తలలో 80 శాతమైనా జుట్టు నిలిచింది. మిగతావారికి అంత ఫలితం రాలేదు. మాత్ర ఆపితే చాలామందికి మళ్లీ ఊడుతుంది. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలున్నందున క్షయ పరీక్ష చేయకుండా నేను దీనిని మొదలుపెట్టను. ఒక్క చిన్న మచ్చకు దీని అవసరమే లేదు.

చికిత్స ఏదైనా, మొదట మొలిచే వెంట్రుకలు తరచుగా తెల్లగా ఉంటాయి, టి-కణాల దాడి ఎక్కువగా రంగున్న వెంట్రుకల మీదే జరుగుతుంది గనుక. వాటిని చూసి బొల్లి వచ్చిందని హడలిపోయి మందు మానేసినవారున్నారు. కొన్ని నెలలు ఆగితే చాలామందిలో ఆ తెల్ల వెంట్రుకలే నల్లబడతాయి.