కొండల పరుగులో దిగుడు లెక్క

మంగళగిరి మెట్లెక్కి పానకాల స్వామిని చూసొచ్చినవాళ్లను అడగండి, ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చిందంటారు. తొడలు వణికేది మాత్రం దిగేటప్పుడే. మర్నాడు పొద్దున మంచం దిగబోతే పట్టేసేవీ ఆ తొడలే. ఇదే సంగతిని 42 కొండలకు పెంచి చూస్తే, పర్వతాల మీద వేగం రికార్డు కోసం పరిగెత్తేవాళ్ల కష్టం చాలావరకు అర్థమైపోతుంది.

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజిక్ అనే ఊరుంది. అక్కడ గెస్ట్ హౌస్ నడుపుకునే బాబ్ గ్రాహం 1932 జూన్‌లో చుట్టుపక్కల 42 శిఖరాలు తిరిగి, 24 గంటల్లోపే మళ్లీ ఊరు చేరాడు. దూరం సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 8,200 మీటర్లు. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి కాబట్టి దిగుడూ అంతే. ఆ దారికి ఆయన పేరే స్థిరపడింది. 1982లో బిల్లీ బ్లాండ్ దాన్ని 13 గంటల 53 నిమిషాల్లో పూర్తిచేస్తే, ఆ రికార్డు 36 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2018లో కిలియన్ జోర్నెట్ 12 గంటల 52 నిమిషాల్లో, 2022లో జాక్ కుయెంజిల్ 12 గంటల 23 నిమిషాల్లో ముగించారు.

ఇది ఎంత వేగమో తెలియాలంటే ఒక పాత లెక్క ఉంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది. కొండల్లో నడిచేవాళ్లు ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట వేసుకోవాలన్నాడు. ఆ ప్రకారం ఈ దారికి సుమారు 35 గంటలు పడుతుంది. రికార్డు అందులో దాదాపు మూడో వంతు!

మరి ఎక్కడం తేలికా అంటే, కానే కాదు. 60 కిలోల మనిషి 8,200 మీటర్లు ఎక్కితే, బరువును పైకి చేర్చినందుకే సుమారు 1,150 కిలో కేలరీల పని జరుగుతుంది. మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడైపోతుంది. అంటే ఎక్కడానికే 4,600 దాకా కావాలి. ఒంట్లో గ్లైకోజెన్‌గా, అంటే కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థంగా దాచుకునేది దాదాపు 2,000 కిలో కేలరీలు. కొవ్వు నిల్వ బోలెడున్నా, అది ఇంత వేగానికి సరిపడా త్వరగా కరగదు. పేగులు గంటకు 60 గ్రాముల గ్లూకోజ్‌ను, ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) కూడా కలిస్తే 90 గ్రాముల దాకా పిండిపదార్థాన్ని పీల్చుకోగలవు. అందుకే వీళ్లు ఆకలితో పనిలేకుండా టైమ్ చూసుకుని తింటారు. బాగా నిటారుగా ఉన్నచోట రికార్డు వీరులు కూడా చేతులు మోకాళ్ల మీద ఆనించి నడుస్తారు.

దిగేటప్పుడు ఊపిరికి తెరిపి. వంద మీటర్లకు 20 మీటర్లు దిగే వాలులో పరిగెత్తితే, చదును నేల మీద కంటే దాదాపు సగం శక్తే ఖర్చవుతుందని ఇటలీకి చెందిన మినెట్టి బృందం 2002లో కొలిచి చూపింది. అంతకంటే ఏటవాలైతే ఖర్చు మళ్లీ పెరుగుతుంది. శక్తి మిగిలినా కాళ్లు మాత్రం దెబ్బతింటాయి. నిండు బిందెను మెల్లగా కిందికి దించుతున్నప్పుడు చేతి కండరం బిగుసుకుని ఉంటూనే సాగుతుంది కదా, దిగేటప్పుడు అడుగడుగునా తొడ ముందు కండరానికి అదే జరుగుతుంది. ఇలా సాగుతూ పనిచేసేటప్పుడు అంతే బరువును కండరంలోని తక్కువ పోగులే మోస్తాయి. ఒక్కో పోగు మీద భారం ఎక్కువై, లోపలి సన్నని నిర్మాణాలు అక్కడక్కడా చిట్లుతాయి. నొప్పి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. పట్టు మాత్రం అప్పటికప్పుడే సడలుతుంది. ఇరవయ్యో కొండ దిగేసరికి కాళ్లు బ్రేకు వేయలేకపోతే, ముందున్న 22 కొండలకు ఊపిరి ఎంత మిగిలి ఏం లాభం?

శరీరంలో నాకు అద్భుతంగా అనిపించే గుణం ఇక్కడే ఉంది. ఒకసారి ఇలా దెబ్బతిన్న కండరం కోలుకున్నాక, రెండోసారి అదే దిగుడుకు చాలా తక్కువ దెబ్బతింటుంది. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది.

కొండల్లో వేగం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది మల్లి మస్తాన్ బాబు. 2006లో ఏడు ఖండాల్లోని అత్యంత ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా బిడ్డ. ఆయన పోరాడింది పలచటి గాలితో, గడ్డకట్టే చలితో. లేక్ డిస్ట్రిక్ట్‌లో అన్నిటికంటే ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే. అక్కడ గాలికి కొరత లేదు, పరీక్షంతా కాళ్లకే.

అందుకే, విజయవాడ, గుంటూరుల్లో పర్వతాలు లేవు కాబట్టి ఇలాంటి పరుగు మనకు కుదరదనేవాళ్లతో నేను ఒప్పుకోను. వంద మీటర్ల గుట్టను 82 సార్లు ఎక్కి దిగితే 8,200 మీటర్లు అయినట్టే. తొడ కండరానికి కొండ పేరుతో పనిలేదు. కొండపల్లి, కొండవీడు వైపు రాళ్ల బాటలు మెట్లకంటే మేలు, ఎందుకంటే అక్కడ ప్రతి అడుగూ చూసి వేయాలి, చీలమండ కూడా నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. భక్తులు ఎక్కే మెట్ల మీద పరుగులు అసలే వద్దు. ఇక ఎండాకాలం కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. సాధనకు డిసెంబరు, జనవరి తెల్లవారుజాములే మంచివి. మొదట్లో చిన్న దిగుళ్లతో మొదలుపెట్టి, నొప్పి పూర్తిగా తగ్గాకే పెంచాలి. అసలు పరుగుకు ముందు వారంలో మాత్రం గట్టి దిగుడు జోలికి పోకూడదు. చిట్లిన పోగులు అతుక్కోవడానికి ఆ వారం కావాలి.