అన్యభాషల ప్రార్థనను భాషాశాస్త్రం ఎలా వింటుంది?

విజయవాడలోనో గుంటూరులోనో క్రైస్తవుల్లో ఒక శాఖ అయిన పెంతెకొస్తు సంఘాల ఉపవాస ప్రార్థనకు వెళ్ళినవారికి అన్యభాషలు కొత్త కాదు. ఆరాధన ఊపందుకున్నాక ఒక్కొక్కరే తెలుగు వదిలేసి, పక్కవారికి తెలియని పలుకుల్లోకి వెళ్ళిపోతారు. అది నిజంగా ఒక భాషేనా? బయటివారు చాలామంది నటన అని కొట్టిపారేస్తారు. లోపలివారిలో కొందరు పరీక్షించడమే పాపం అంటారు. రెండూ తొందరపాటు మాటలే. ప్రార్థన విలువను ఏ యంత్రమూ తూచలేదు. కానీ నోటినుంచి వచ్చింది ధ్వని కాబట్టి దాన్ని రికార్డు చేయవచ్చు, అక్షరం అక్షరం రాసుకోవచ్చు, తెలిసిన భాషల పక్కన పెట్టి చూడవచ్చు.

ముందుగా రెండు సంగతులను విడదీయాలి. బైబిలులోని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు ఎవరి భాషలో వారు విని అర్థం చేసుకున్నారని ఉంది. నేర్చుకోని మానవ భాషను ఇలా మాట్లాడటాన్ని జీనోగ్లాసియా అంటారు. బైబిలులోనే 1 కొరింథీయులకు 14వ అధ్యాయంలో వర్ణన వేరుగా ఉంటుంది. అక్కడ మాట్లాడేది దేవునితో; మనుషులకు అర్థం కాదు; అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి. ఇప్పుడు మందిరాల్లో వినిపించేది ఎక్కువగా ఈ రెండో రకం. పరిశోధకులు దీన్ని గ్లాసొలేలియా అంటారు.

తొలి పెంతెకొస్తువారు మాత్రం తమకు వచ్చింది మొదటి రకమేనని నమ్మారు. 1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో ఆగ్నెస్ ఓజ్‌మన్ పలికింది చైనీస్ అనుకున్నారు. ఆమె గురువు చార్లెస్ పార్హమ్ మిషనరీలు ఇక భాషలు నేర్చుకోనక్కర్లేదని బోధించాడు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని ఎజూసా వీధి ఉజ్జీవం (భక్తి మళ్ళీ రగిలిన సభలు) తర్వాత ఆల్ఫ్రెడ్ గార్ అనే బోధకుడు తనకు బెంగాలీ వచ్చేసిందన్న నమ్మకంతో కలకత్తా బయలుదేరాడు. తీరా చేరాక ఆయన పలుకులు బెంగాలీలకు అర్థం కాలేదు. అయినా గార్ అన్యభాషల వరాన్ని మాత్రం వదులుకోలేదు, బోధిస్తూనే ఉన్నాడు. కాలక్రమంలో పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువభాగం అన్యభాషలను ప్రార్థన భాషగానే చూడసాగాయి.

భాషాశాస్త్రంలో దీనిమీద ఎక్కువ పని చేసినవాడు టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం సమారిన్. ఇటలీ, నెదర్లాండ్స్, జమైకా, కెనడా, అమెరికా దేశాల్లో నమూనాలు సేకరించి 1972లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చింది ఇది: ఆ పలుకుల్లోని ధ్వనులు మాట్లాడేవారికి ముందే తెలిసిన భాషలవి. అక్షరాలు యాదృచ్ఛికంగా కూడుతాయి. అయినా లయ, స్వరం ఎక్కడం దిగడం, ఆగే చోట్లు నిజమైన మాటలా ఉండటంతో, వినేవారికి పదాలూ వాక్యాలూ ఉన్నట్టే తోస్తుంది. ఆ ముక్కలకూ అర్థానికీ మధ్య స్థిరమైన ముడి మాత్రం లేదు.

తెలుగువారి విషయంలో దీన్ని పరీక్షించాలంటే ఏం వెతకాలి? మచ్చుకి ఒక కల్పిత ముక్క తీసుకుందాం: "శబరా లమకంద శబరా రికంద లమశా." ఇందులోని ప్రతి ధ్వనీ తెలుగు నోటికి అలవాటైనదే. ఇప్పుడు దీని పక్కన ఒక మామూలు వాక్యం పెట్టండి: "మొన్న పట్టాభిపురంలో కట్టిన ఇల్లు వాళ్ళ తమ్ముడికి నచ్చలేదు." ఇందులో "న్న", "ట్ట" లాంటి ద్విత్వాలు, అంటే ఒకే హల్లు రెండుసార్లు పడేవి, ఏడున్నాయి, కల్పిత ముక్కలో ఒక్కటీ లేదు. కల్పిత ముక్కలో అచ్చులూ అ, ఆ, ఇ మూడే. అంతకన్నా ముఖ్యమైనవి "లో", "కి" లాంటి ప్రత్యయాలు. తెలుగులో ఎవరు అయిదు నిమిషాలు మాట్లాడినా ఇవి పదాల చివర, అదే పనికి, మళ్ళీ మళ్ళీ వస్తాయి. కల్పిత ముక్కలో "శబరా" రెండుసార్లు వచ్చింది, కానీ దాని ముందూ వెనకా ఏ నియమమూ లేదు. రికార్డింగులో వెతకాల్సింది ఈ తేడానే. మాట మళ్ళీ రావడం చాలదు, ఒక స్థానంలో ఒక పనికోసం రావాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "మధ్యలో హీబ్రూ పదం వినిపించింది" అంటారు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 4 అక్షరాల చొప్పున 5 నిమిషాలకు 1200 అక్షరాలు. పది హల్లులు, మూడు అచ్చులతో 30 అక్షరాలవుతాయి. వాటితో ఏర్పడే రెండక్షరాల జంటలు 900. అంటే అంత ప్రార్థనలో పక్కపక్కన పడే 1199 జంటల్లో "కల", "మర", "బాల", "దారి" లాంటివి తగలకపోతేనే ఆశ్చర్యం. ఇలాంటి చిన్న పదాలు తమిళంలోనూ ఉంటాయి, హిందీలోనూ ఉంటాయి, హీబ్రూలోనూ ఉంటాయి. ఒకటి రెండు పదాలు దొరకడం రుజువు కాదు. పూర్తి వాక్యం దొరకాలి.

అర్థం చెప్పేవారి సంగతీ పరీక్షకు వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కిల్డాల్ అన్యభాషలు రికార్డు చేసిన ఒకే టేపును, అర్థం చెప్పే వేర్వేరు వ్యక్తులకు విడివిడిగా వినిపించాడు. ఒకరు పిల్లల ఆరోగ్యం కోసం ప్రార్థన అన్నారు, మరొకరు సంఘానికి చందాలు బాగా వసూలైనందుకు కృతజ్ఞత అన్నారు.

ఇది నేర్చుకోగలిగినదేనా అన్నదీ చూశారు. 1986లో నికొలస్ స్పానోస్ బృందం 60 మందికి ఒక్క నిమిషం అన్యభాషల నమూనా వినిపించి, 30 సెకన్లు అలాగే పలకమంది. సుమారు 20 శాతం మంది ధారాళంగా పలికారు. రెండు విడతల శిక్షణ పొందినవారిలో అది 70 శాతానికి చేరింది. దీన్నిబట్టి మందిరంలో పలికేవారు నటిస్తున్నారని అనుకోకూడదు. ఆ సామర్థ్యం మనిషి నోటిలో మామూలుగా ఉందని మాత్రమే తెలుస్తుంది. 2006లో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు స్త్రీల మెదడులో రక్తప్రసరణను భక్తిగీతం పాడేటప్పుడూ, అన్యభాషలు పలికేటప్పుడూ పోల్చింది. రెండో సందర్భంలో మెదడు ముందు భాగపు చురుకు తగ్గింది. మాట తమ అదుపులో లేదని విశ్వాసులు చెప్పే అనుభవంతో ఇది కలుస్తుంది. ఐదుగురితో అంతకు మించి చెప్పడం తగదు.

భాష కాకపోతే వ్యర్థమేనా? విజయవాడకు దగ్గర్లోని కూచిపూడిలో "తకధిమి" అని జతులు పలుకుతారు. వాటికి నిఘంటువులో అర్థం లేదు, అయినా నర్తకి పాదానికి అవి ఉండాల్సిందే. అన్యభాషలకూ సంఘంలో అలాంటి పని ఉంది. అది నిఘంటువు పని కాదు, అంతే.

ఎవరైనా నిజంగా నేర్చుకోని భాష మాట్లాడారని అనిపిస్తే, తేల్చే దారి ఉంది. ముందు అనుమతి తీసుకోండి. కీబోర్డు, ఎకో ఆపించండి. ప్రతిధ్వనిలో హల్లులు కలిసిపోయి స్పష్టంగా వినిపించవు. ఫోనును నోటికి జానెడు దూరంలో పెట్టి, వేవ్ (WAV) ఫార్మాట్‌లో కనీసం 5 నిమిషాలు రికార్డు చేయండి. మాతృభాష, చిన్నప్పుడు పెరిగిన ఊళ్ళు, ఇంటి చుట్టుపక్కల భాషలు రాసుకోండి. ఎందుకంటే రైల్వే జంక్షన్ ఉన్న ఊళ్ళో హిందీ, తమిళం, ఒడియా నేర్చుకోకుండానే చెవిన పడుతుంటాయి. తర్వాత ఆ రికార్డింగును, ఎక్కడిదో చెప్పకుండా, ఆ భాష పుట్టుకతో వచ్చిన ఇద్దరికి విడివిడిగా ఇచ్చి విన్నది విన్నట్టు రాయమనండి. ఆ రెండు ప్రతులూ వాక్యానికి వాక్యం కలిస్తే అప్పుడది పరిశీలించదగ్గ సాక్ష్యం.