పండు ఈగ చావకపోతే: అపోహలు – వాస్తవాలు

కర్ణాటకలోని శ్రీనివాసపురం, చింతామణి మామిడి తోటల నుంచి బెంగళూరు ల్యాబ్‌లకు మందుకు లొంగని ఈగల నమూనాలు పరీక్షకు పంపేముందు ఇవి తెలుసుకోవాలి.

అపోహ: కొట్టగా కొట్టగా ఈగ మందుకు అలవాటు పడుతుంది.
వాస్తవం: అలవాటు కాదు, ఏరివేత. మందు మామూలు ఈగల్ని చంపుతుంది. జన్యువులో ముందే మార్పున్న కొద్ది ఈగలు మిగిలి గుడ్లు పెడతాయి. మలాథియాన్ అనే పురుగుమందు పనిచేసేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే, ఈగ నరాలకు కావలసిన ఎంజైమును పట్టి ఆపడం వల్ల. మామిడి పండు ఈగలో ఆ ఎంజైము 488వ స్థానంలో గ్లైసీన్ బదులు సెరీన్, 214లో ఐసోల్యూసిన్ బదులు వాలీన్ చేరితే మందుకు పట్టు దొరకదు. ఎక్కడో ఆలివ్ తోటల్లోని ఈగలోనూ సరిగ్గా ఈ రెండు చోట్లే మార్పు రావడం నిజంగా ఆశ్చర్యం.

అపోహ: మందు పేరు మారిస్తే చాలు.
వాస్తవం: మలాథియాన్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్ మూడూ, పనిచేసే తీరును బట్టి మందుల్ని విడదీసే వర్గీకరణలో, 1బి గ్రూపే; దెబ్బ అదే ఎంజైము మీద. స్పైనోసాడ్ 5వ గ్రూపు, దాని గురి వేరు.

అపోహ: పండులో పురుగు కనిపిస్తే మందు ఓడిపోయినట్టే.
వాస్తవం: గుజ్జులోని పురుగుకు పైపైన కొట్టిన మందు సరిగా తగలదు. డోసు పెంచినా అంతే.

అపోహ: పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షలో మార్పు కనబడలేదు, కాబట్టి నిరోధకత (మందును తట్టుకునే శక్తి) లేదు.
వాస్తవం: ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్పైనోసాడ్‌కు లొంగని మామిడి ఈగల్లో ఆ మందు గురిపెట్టే ఆల్ఫా6 గ్రాహకం (నరాల్లోని ప్రొటీను) తాలూకు ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) ముక్కలు తప్పుగా అతికి, ప్రొటీను మధ్యలోనే తెగిపోవడం చూశారు. డీఎన్‌ఏలో రెండు మూడు స్థానాలే చదివితే ఇది దొరకదు, ఆర్‌ఎన్‌ఏ కావాలి. అందుకు ఈగను చనిపోగానే మైనస్ 80 డిగ్రీల్లో గానీ ఆర్‌ఎన్‌ఏ నిల్వ ద్రావణంలో గానీ ఉంచాలి. డీఎన్‌ఏకైతే 95 శాతం ఆల్కహాల్ చాలు. ఇక మందును విరిచేసే ఎంజైములు పెరిగిన ఈగల్లో మందు గురిపెట్టే జన్యువు మామూలుగానే ఉండొచ్చు. అలాంటి ఎంజైములను అణిచే పైపెరోనైల్ బ్యూటాక్సైడ్‌ను మందులో కలిపినప్పుడు మరణాలు బాగా పెరిగితే అనుమానం మందును విరిచే సైటోక్రోమ్ పీ450 ఎంజైముల మీదికి పోతుంది.

అపోహ: ఎరబుట్టలో పడ్డ ఈగల్ని పంపితే సరిపోతుంది.
వాస్తవం: బుట్టలో ఎరగా పెట్టే మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చేవి దాదాపు అన్నీ మగవే, పైగా సాధారణంగా అప్పటికే బుట్టలోని మందు సోకినవి. వాటితో మరణ పరీక్ష (మందు తగిలించి ఎన్ని చస్తాయో చూడటం) చెయ్యలేం. పుచ్చిన పండ్లను తడి ఇసుక మీద పెట్టి, ఇసుకలోకి దిగిన ప్యూపాలను (గూటి దశ పురుగులను) జల్లించి, బయటికొచ్చిన ఈగల్ని సాకి వాడాలి. చావుల లెక్క 24 గంటల తర్వాతే: పైరెత్రాయిడ్ రకం మందుకు పడిపోయిన ఈగ మళ్ళీ లేవగలదు. పోలిక కోసం మందు తగిలించకుండా ఉంచిన ఈగల్లోనే చావులు 20 శాతం దాటితే ఆ పరీక్ష పారేసి మళ్ళీ చెయ్యాలి.