మంట ఆపే కెమికల్స్ మీద తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

టీవీ వెనక డబ్బా, కారు సీటు స్పాంజి, కరెంటు వైర్లు త్వరగా అంటుకోకుండా తయారీలోనే కొన్ని కెమికల్స్ కలుపుతారు, ఫ్లేమ్ రిటార్డెంట్స్ అంటారు వాటిని. నేను విజయవాడలో టెస్టింగ్ ల్యాబ్ కెమిస్ట్‌ని, వీటిలో చాలావాటిలో బ్రోమిన్ అనే మూలకం ఉంటుంది, ప్లాస్టిక్‌లో అది ఉందా లేదా చూడటం నా పనిలో భాగం. వాట్సాప్‌లో వీటి మీద సగం నిజం సగం భయం తిరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నా.

అపోహ: ప్లాస్టిక్‌లో కలిసిపోయాక బయటికెలా వస్తుంది, కాలిస్తేనే కదా ప్రమాదం?

కాదండి. పీబీడీఈలు అనే బ్రోమిన్ రకం ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉండదు, ఊరికే కలిపి వదిలేస్తారంతే, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికొచ్చి ఇంట్లో దుమ్ములో చేరుతుంది, సామాను వేడెక్కితే ఇంకాస్త ఎక్కువగా. మదర్‌బోర్డుల్లో వాడే టీబీబీపీఏ అనే ఇంకో రకం అలా కాదు, అది చాలావరకు బోర్డు ప్లాస్టిక్ (రెసిన్)తో రియాక్టయి అక్కడే ఉండిపోతుంది. అసలు దారి మాత్రం దుమ్మే, దుమ్ము నుంచి చేతికి, చేతి నుంచి నోటికి. పాకే పిల్లలు రోజంతా నేల మీదే కదా, చేతులు నోట్లోనే కదా, అమెరికాలో తల్లీబిడ్డల రక్తం పక్కపక్కన పెట్టి చూస్తే బిడ్డల్లోనే ఎక్కువ కనపడింది. పీబీడీఈల ఆకారం థైరాయిడ్ హార్మోన్‌కి దగ్గరగా ఉంటుంది, అక్కడ అయోడిన్ ఉన్నచోట ఇక్కడ బ్రోమిన్, అందుకే గర్భిణుల గురించీ పసిపిల్లల మెదడు ఎదుగుదల గురించీ ఎక్కువ ఆందోళన. ఖరీదైన ఎయిర్ ప్యూరిఫయర్ కంటే ముందు తడిగుడ్డతో నేల తుడవండి, అన్నానికి ముందు పిల్లల చేతులు కడగండి. పండక్కి బూజు దులిపేటప్పుడు పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టండి.

అపోహ: తల్లిపాలలో కూడా ఉందట, మానేయాలా?

వద్దు, అస్సలు వద్దు. స్వీడన్‌లో 1972 నుంచి 1997 దాకా దాచిన తల్లిపాల శాంపిల్స్ చూస్తే పీబీడీఈలు సుమారు 5 ఏళ్లకోసారి రెట్టింపయినట్టు తేలింది, వాడకం తగ్గాక అక్కడ పాలలోనూ తగ్గింది. తల్లిపాల వల్ల జరిగే మేలు దీనికంటే చాలా పెద్దది, డాక్టర్లు చెప్పేది కూడా అదే.

అపోహ: నల్ల ప్లాస్టిక్ గరిటె వాడితే విషం తిన్నట్టే.

2024లో వచ్చిన ఒక పరిశోధన పేపర్‌తో మొదలైంది ఈ గోల. అందులో డెకా అనే ఒక పీబీడీఈకి, 60 కిలోల మనిషికి రోజుకి హద్దు 42,000 నానోగ్రాములని లెక్కేశారు, గరిటె నుంచి 34,700 రావొచ్చన్నారు, అమ్మో దగ్గరికొచ్చేసిందని అందరూ హడావుడి. కిలోకి 7,000 చొప్పున 60 కిలోలకి 4,20,000 అవ్వాలి, ఒక సున్నా ఎగిరిపోయింది, తర్వాత దిద్దారు. అంటే హద్దులో పదో వంతు కూడా లేదు. అలాగని గరిటెలో అది ఉండటం సబబు కాదు, పాత టీవీల నల్ల ప్లాస్టిక్ కరిగించి పోస్తేనే అలా వస్తుంది. వేడి నూనెలో పెట్టే గరిటె చెక్కదో స్టీలుదో కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది.

అపోహ: నిషేధించారు కదా, ఇంకెక్కడుంది?

ఏళ్ల తరబడి పోని విష రసాయనాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో, పెంటా, ఆక్టా అనే పీబీడీఈ రకాల్లో ఉండేవాటిని 2009లో, డెకాని 2017లో చేర్చారు. మన దేశంలోనూ 2018లో కొన్నిటి మీద నిషేధం రూల్స్ వచ్చాయి. కానీ అప్పటికే ఇళ్లలోకొచ్చిన సామాను ఎక్కడికి పోతుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వీధుల్లో నానిపోయిన సోఫాలూ టీవీలూ పరుపులూ గుట్టలు పడ్డాయి గుర్తుందా, అలాంటి చెత్తని తగలబెడితే పీడ పోతుందనుకుంటారు మనోళ్లు, రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లూ అంతే. బ్రోమిన్ ఉన్న ప్లాస్టిక్ అలా అరకొరగా కాలితే బ్రోమినేటెడ్ డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి అసలు కెమికల్ కంటే ఘోరం. పైగా ఒకటి ఆపితే ఇంకోటి దిగుతుంది, పిల్లల నైట్‌డ్రెస్సుల్లో వాడిన ట్రిస్ అనే మంట ఆపే కెమికల్‌ని 1977లో అమెరికాలో ఆపించాక దాని చుట్టం క్లోరినేటెడ్ ట్రిస్ సోఫా స్పాంజిలోకి వచ్చి కూర్చుంది.

ఇంకోటి, ల్యాబ్‌లో ఎక్స్‌రేతో మూలకాల్ని పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ పెట్టగానే అంతా తెలిసిపోతుందనుకుంటారు. అది బ్రోమిన్ ఉందని చెప్తుంది అంతే, ఏ కెమికలో చెప్పదు, దానికి కెమికల్స్‌ని విడదీసి గుర్తుపట్టే జీసీఎంఎస్ టెస్ట్ చేయాలి.

ఇదంతా చదివి ఎఫ్‌ఆర్ (ఫ్లేమ్ రిటార్డెంట్) వైర్లు వద్దనుకునేరు, పొరపాటున కూడా ఆ పని చేయొద్దు. సోఫా సంగతి వేరు, కాలిఫోర్నియా వాళ్లే 2013లో సోఫాలకి పెట్టే మంట టెస్ట్ మార్చేసి కెమికల్ లేకుండానే పాసయ్యేలా చేశారు. గోడలో వైరు అలా కాదు, మన బెజవాడ మే నెలలో ఏసీలన్నీ ఒకేసారి లాగుతుంటే అదే వేడెక్కేది. అక్కడ ఐఎస్ఐ మార్కు చూసి మంచిదే కొనండి.