ఉత్తరాయణం వచ్చింది సరే, పొద్దేదీ?

ముక్కనుమ నాడు పొద్దున్నే అత్తయ్య ముగ్గు గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి, "ఉత్తరాయణం వచ్చేసిందంటారు గానీ అమ్మాయ్, నాకైతే డిసెంబరులో కన్నా ఇప్పుడే ఆలస్యంగా తెల్లారుతోంది. సైన్సు టీచరువి కదా, చెప్పు" అన్నారు. నేను కాఫీ కప్పు దించకుండానే "అదేం లేదత్తయ్యా, చలికి మీకలా అనిపిస్తోంది" అనేశాను. పన్నెండేళ్లుగా పిల్లలకి ఋతువుల పాఠం చెబుతున్నదాన్ని, గోడమీద క్యాలెండరు ఒకసారి చూసి నోరు విప్పాల్సింది. మావయ్య చూశారు. ఆవిడదే రైటు.

అత్తయ్య వాళ్లుండే శ్రీకాకుళంలో డిసెంబరు 21 కన్నా జనవరి 20కి సూర్యోదయం ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా అవుతుంది. ఈలోగా సూర్యాస్తమయం కూడా పద్దెనిమిది నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే పగలు పెరిగింది నిజమే, నెలకి పది నిమిషాలు, కానీ ఆ పెరిగిందంతా సాయంత్రం ఖాతాలోకే పోయింది, పైగా పొద్దుట నుంచి కొంత లాక్కుని మరీ. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేవాళ్లకి పొద్దు పెరిగినట్టు తెలుస్తుంది. తెల్లారకుండా లేచి ముగ్గేసేవాళ్లకి తరిగినట్టే ఉంటుంది. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండి అతని చుట్టూ వేగంగా తిరుగుతుంది, దానికి అక్షం వాలు కూడా తోడై డిసెంబరు ఆఖర్లో ఒక మిట్టమధ్యాహ్నం నుంచి మర్నాటి మిట్టమధ్యాహ్నానికి 24 గంటలకన్నా దాదాపు అర నిమిషం ఎక్కువ పడుతుంది. రోజూ అర నిమిషం చొప్పున మధ్యాహ్నమే జరిగిపోతుంటే పొద్దున కూడా దాని వెనకాలే జరుగుతుంది. ఇది మొదలుపెడితే ఇంకో వ్యాసమవుతుంది. అలాగే అసలు మలుపు డిసెంబరు 21నే అయిపోతే మనం జనవరి 14న పండగెందుకు చేస్తున్నాం అన్నదీ (భూమి బొంగరంలా ఊగడం, 72 ఏళ్లకి ఒక డిగ్రీ, అదంతా) చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. నెల రోజులు గడిచినా పది నిమిషాలేనా? అదే ఫిబ్రవరి, మార్చిల్లో చూడండి, "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అన్నట్టు అంతా ఒక్కసారిగా మారిపోతుంది. ఇంత నత్తనడక, ఆ తర్వాత అంత పరుగు ఎందుకు?

తీర్థంలో జెయింట్ వీల్ చూసుంటారు కదా. పన్నెండు పెట్టెలున్న చక్రం అనుకోండి, పెట్టెకో నెల. చక్రం ఒకే వేగంతో తిరుగుతోంది. దాన్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి, రెండు బెలూన్ల దుకాణాల మధ్య సందులోంచి చూడండి. ఇప్పుడు పెట్టె గుండ్రంగా తిరుగుతున్నట్టు కనపడదు, పైకీ కిందకీ మాత్రమే పోతుంటుంది. అన్నిటికన్నా కింద ఉన్న పెట్టె డిసెంబరు 21, అన్నిటికన్నా పైది జూన్ 21, సరిగ్గా ఇరుసు ఎత్తులో ఉన్నవి మార్చి 20, సెప్టెంబరు 23. చక్రం ఇరుసు నుంచి అంచుకి ఇరవై మూడున్నర అడుగులు, ఎందుకంటే సూర్యుడు ఆకాశంలో నడిమి గీత నుంచి అటూ ఇటూ పోయేది ఇరవై మూడున్నర డిగ్రీలు, డిగ్రీకి అడుగు అనుకుంటే లెక్క సులువు. కింద ఉన్న పెట్టె మొదటి నెలలో ఎంత పైకొస్తుంది? మూడడుగులు. రెండో నెలలో ఎనిమిదిన్నర. మూడో నెలలో పన్నెండు. చక్రం వేగం ఇసుమంత మారలేదు, కానీ అడుగున ఉన్నప్పుడు ఆ వేగమంతా అడ్డంగా పోవడానికే ఖర్చయిపోతోంది, పైకెక్కడానికి ఏమీ మిగలడం లేదు. ఇరుసు ఎత్తుకి వచ్చేసరికి మొత్తం వేగం నిలువునా ఎక్కడానికే. కడుపులో గుబగుబలాడేది అక్కడే, గుర్తుందా?

ఇది క్లాసులో బొమ్మ గీసి చెబితే పిల్లలు తలూపుతారు, మర్నాడు అడిగితే అయోమయంగా చూస్తారు. కొలిస్తే తప్ప బుర్రకెక్కదని నా అనుభవం. కొలిచింది మటుకు అత్తయ్య.

వాళ్ల డాబా మీద దక్షిణం వైపు పిట్టగోడ మూడడుగుల ఎత్తు, తూర్పు పడమరలుగా తిన్నగా ఉంది. దాని వెనక ఆవిడ మిరప, వంగ, చామంతి కుండీలు. చలికాలమంతా ఆ వరస నీడలోనే మగ్గుతుంది. నేను చెప్పిందల్లా రోజూ మధ్యాహ్నం గోడ నీడ ఎంతవరకు పడుతోందో గీత గీయమని. ఆవిడకి కుట్టుమిషను పని వచ్చు, కాబట్టి కొలత టేపుతో అంగుళాల్లోనే లెక్క, గీతకి బట్టల మీద గీసే సుద్దముక్క. మొదటిరోజే ఫోన్ చేశారు, "నీడకి అంచు ఎక్కడుందో తెలీడం లేదమ్మాయ్, అర అంగుళం మేర మసగ్గా ఉంది" అని. మంచి సంగతే పట్టుకున్నారు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. గోడ ఆ బిళ్లని కొంచెం కొంచెంగా కప్పుతుంది కాబట్టి నీడ అంచు కూడా చెదిరే ఉంటుంది. మసక మధ్యలో గీయమన్నాను. సరిగ్గా ఎన్ని గంటలకని కూడా అడిగారు. పన్నెండుకి అటూ ఇటూ పది నిమిషాలు పర్లేదన్నాను, ఎందుకంటే మధ్యాహ్నం సూర్యుడు కూడా తన రోజు చక్రంలో పైకొసకి చేరి ఉంటాడు, పది నిమిషాల్లో ఎత్తు పెద్దగా మారదు. చూశారా, ఇక్కడా జెయింట్ వీలే.

సంక్రాంతికి ఇంకా కొలవడం మొదలవలేదు, లెక్కకడితే 30 అంగుళాలు. డిసెంబరు 21నా ఎవరూ కొలవలేదు, లెక్కకట్టి చెబితే 32. అంటే ఇరవై నాలుగు రోజులకి రెండంగుళాలు.

రథసప్తమి ఈసారి జనవరి 25, ఆదివారం వచ్చింది, మర్నాడు సెలవు, విశాఖ నుంచి మేమూ వెళ్లాం. తలమీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానం, చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి చేసిన చిన్న రథం, పిడకల మీద పాలు పొంగించి వండిన పరమాన్నం చిక్కుడాకుల్లో. పొగకి కళ్లు మండుతుంటే ఆ పరమాన్నానికి వచ్చే వాసన గ్యాస్ పొయ్యి మీద రాదు గాక రాదు. ఆ రోజే ఫోన్లో మూడు ఫార్వర్డులు వచ్చాయి, జిల్లేడాకు సూర్యశక్తిని పీల్చి మెదడుకి పంపుతుందని. దయచేసి అలాంటివి నమ్మకండి, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, అది చెప్పండి పిల్లలకి ముందు. ఆచారాన్ని ఆచారంగా చేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు, దానికి తెల్లకోటు తొడగడం ఎందుకో నాకర్థం కాదు. ఆ మధ్యాహ్నం నీడ 27న్నర. శివరాత్రికి, ఫిబ్రవరి 15న, 21న్నర.

ఇక అరసవల్లి. ఊళ్లో వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, తూర్పు గంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెప్పుకునే సూర్యనారాయణ స్వామి గుడి. మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో తెల్లవారుతూనే కిరణాలు ద్వారాలన్నీ దాటుకుని గర్భాలయంలో మూలవిరాట్టు పాదాలని తాకుతాయి. ప్రతిసారీ రెండు మూడు రోజులు, రోజూ కొద్ది నిమిషాలు. మబ్బో మంచో అడ్డొస్తే ఆసారికి అంతే.

ఏడాదికి రెండుసార్లెందుకో చక్రం చూస్తే తెలిసిపోతుంది. ఎక్కేటప్పుడు ఏ ఎత్తుని దాటిందో దిగేటప్పుడూ అదే ఎత్తుని దాటాలి. మార్చి 9, 10 అంటే ఇరుసు ఎత్తుకి పది పదకొండు రోజుల ముందు. అక్టోబరు 1, 2 అంటే ఇరుసు దాటి దిగాక ఎనిమిది తొమ్మిది రోజులు. రెండు చోట్లా సూర్యుడు నడిమి గీతకి మూడు నుంచి నాలుగున్నర డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు, సుమారుగా ఒకే ఎత్తు.

నాకు అంతకన్నా ఇష్టమైన ప్రశ్న, రెండు మూడు రోజులే ఎందుకు? శ్రీకాకుళంలో సూర్యుడు ఉదయించే చోటు డిసెంబరు నుంచి జూన్ దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు యాభై డిగ్రీలు జరుగుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు, కాబట్టి ఐదు పిడికిళ్లు. మార్చిలో ఈ జరుగుడు రోజుకి 0.42 డిగ్రీలు. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ, అంటే ఒక్కరోజులో ఇంచుమించు తన వెడల్పంత పక్కకి తప్పుకుంటున్నాడు! కిరణం మూడు రోజులు లోపలికి వచ్చిందంటే ఆ ద్వారాలన్నీ కలిసి వదిలిన సందు ఒకటింపావు డిగ్రీ ఉంటుంది, చాచిన చేతి చిటికెనవేలు కన్నా కాస్త వెడల్పు. ఇప్పుడు ఇదే సందుని, గోడలూ ద్వారాలూ ఏమీ మార్చకుండా, మొత్తం గుడిని తిప్పి డిసెంబరు 21 నాటి ఉదయం వైపు పెట్టామనుకోండి. కిరణాలు ఎన్ని రోజులు పడతాయి? నేను కాగితం మీద వేస్తే ముప్పై ఏడు వచ్చింది. డిసెంబరు మొదటివారంలో మొదలై జనవరి రెండో వారం దాకా రోజూ పడుతూనే ఉంటాయి, ఎందుకంటే పెట్టె చక్రం అడుగున అటూ ఇటూ పారాడుతోంది. ఐదు వారాల పైన రోజూ జరిగేదాన్ని చూడ్డానికి తెల్లవారుజామున ఎవరు పరిగెడతారు? అరుదైన దర్శనం కావాలంటే ద్వారాన్ని ఇరుసు ఎత్తుకి దగ్గరగా తిప్పాలి. కట్టినవాళ్లు ఇదంతా లెక్కేసే కట్టారని నేననను, అంతరిక్ష సంస్థలు కూడా ఆశ్చర్యపోయాయి వగైరా కబుర్లైతే అసలే చెప్పను. నాలుగు మేకులు, ఒక తాడు, రెండు మూడేళ్ల ఓపిక ఉంటే ఈ పని చెయ్యొచ్చు. ఆ ఓపికే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇంకోటి గమనించారా? సంక్రాంతి లాంటివి వదిలేస్తే మన పండగలన్నిటికీ తిథి చెబుతాం, అరసవల్లి కిరణాలకి మాత్రం ఇంగ్లీషు తేదీ చెబుతాం. తిథి చంద్రుడిది. అందుకే రథసప్తమి ఒక ఏడాది జనవరిలో, ఒక ఏడాది ఫిబ్రవరిలో వస్తుంది. కిరణానికి చంద్రుడితో పనిలేదు, చక్రం మీద పెట్టె ఎక్కడుందో అదొక్కటే దానికి కావాలి. సూర్యుడి పండగైన రథసప్తమి నాడే స్వామి పాదాల మీద కిరణం పడదు. ఈ ఏడాది ఆ రోజు సూర్యుడు తూర్పుకి ఇరవై డిగ్రీలు దక్షిణంగా, రెండు పిడికిళ్ల అవతల ఉదయించాడు మరి. అత్తయ్య పక్కింటావిడకి ఇది చెబితే ఒప్పుకోలేదట.

ఉగాది మార్చి 19. ఇంట్లో పచ్చడి కలుపుతుంటే వీడియో కాల్లో టేపు చూపించారు, పన్నెండు అంగుళాలు, దానిమీద ఒక పిసరు. శివరాత్రి నుంచి ముప్పై రెండు రోజుల్లో తొమ్మిదంగుళాలకు పైగా తరిగింది. మూడడుగుల గోడకి అడుగు నీడ! నేను కుర్చీలోంచి లేచాను. పగలూ రాత్రీ సమానమైన రోజున మధ్యాహ్నం పన్నెండు అంగుళాల శంకువు (నిటారుగా నిలబెట్టిన పుల్ల) నీడని మన జ్యోతిష సిద్ధాంతాల్లో పలభ అంటారు. ముప్పై ఆరుకి పన్నెండైతే పన్నెండుకి నాలుగు, అంటే శ్రీకాకుళం పలభ 4. పగటి హెచ్చుతగ్గులకి పాత సూత్రం, పలభని 10తో, 8తో, 3 1/3తో గుణించమంటుంది, ఇరుసు నుంచి మొదలుపెట్టి ఒక్కో నెలకి ఒక్కోటి. మన పెట్టె లెక్క వెనకనుంచి చదవండి, పన్నెండు, ఎనిమిదిన్నర, మూడు. అచ్చంగా అదే కాదు, అక్కడ కొలిచేది కోణం కాదు సమయం, కానీ అన్నదమ్ముల పోలిక ఉంది. నాలుగుతో గుణిస్తే 40, 32, 13, కలిపి 85 విఘడియలు. విఘడియకి 24 సెకన్లు, కాబట్టి 34 నిమిషాలు. పొద్దున అంత, సాయంత్రం అంత తగ్గితే డిసెంబరు 21 పగలు 10 గంటల 52 నిమిషాలు. మావయ్య క్యాలెండరులో దాదాపు 11 గంటలుంది, ఆ ఎనిమిది నిమిషాలూ గాలి వెలుగుని వంచడం వల్లా, బింబం పై అంచు కనపడగానే ఉదయం అనెయ్యడం వల్లా వచ్చినవి. పిట్టగోడ, కొలత టేపు, మూడు అంకెలు, ఇంతే సామాను.

"ఏటి తేలింది?" అన్నారు అత్తయ్య, నేను అటువైపు గొణుక్కుంటుంటే. చెప్పాను. ఆవిడ విని, ఇలా తగ్గుతూ పోతే నీడ ఎప్పటికి అయిపోతుందని అడిగారు. మే 12, 13 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని, ఆ తర్వాత దక్షిణం గోడ నీడ ఇంటి బయటికి పడుతుందని, ఉత్తరం వైపు పిట్టగోడ నీడే లోపలికి పడుతుందని, జూన్‌లో అది మూడంగుళాలుంటుందని చెప్పాను.

"మూడంగుళాల నీడలో ఏ కుండీ పడుతుందమ్మా" అన్నారావిడ. "మావయ్యతో చెప్పి షేడ్ నెట్ తెప్పిస్తాను. పచ్చడి తిన్నారా మీరు?"