‘గెట్’: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ పాఠం చెప్పేవాళ్లను పిల్లలైనా పెద్దలైనా ఎక్కువగా అడిగే క్రియల్లో ఇదొకటి. తరచూ వినే మాటలు ఇవీ.

అపోహ: గెట్ అంటే ‘పొందు’.

వాస్తవం: పక్కన వస్తువు పేరు ఉంటే చాలావరకు అంతే. విశేషణం వస్తే మాత్రం స్థితి మారడం: ‘గెట్ వెట్’ తడిసిపోవడం, ‘గెట్ టైర్డ్’ అలసిపోవడం. తెలుగులో ‘పోవు’ చేసే పనే ఇది. చోటు వస్తే చేరుకోవడం: ‘గెట్ హోమ్’. అర్థం కోసం గెట్‌ను కాదు, దాని తర్వాతి మాటను చూడండి.

అపోహ: ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అన్నా, ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’ అన్నా ఒకటే.

వాస్తవం: మొదటిదాంట్లో స్క్రూడ్రైవర్ మీ చేతిలోనే ఉంది! రెండోది బాగు చేయించుకోవడం. చేయించు, కుట్టించు అంటూ మనం ‘ఇంచు’తో సరిపెట్టే చోట ఇంగ్లిష్‌లో గెట్, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం, అదే మన వీ త్రీ, వరసగా రావాలి. మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. మనిషి చేత చేయిస్తే ‘టు’ కావాలి: ‘ఐ గాట్ హిమ్ టు సైన్’. ఇందులో నచ్చజెప్పో బతిమాలో ఒప్పించిన ఛాయ ఉంటుంది. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే బలవంతం, అక్కడ ‘టు’ రాదు.

అపోహ: ‘గాట్ టు’ అంటే ‘తప్పదు’ అనే.

వాస్తవం: ‘ఐ హావ్ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలవక తప్పదు. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే మామూలుగా కలిసే అవకాశం దొరికింది. గబగబా మాట్లాడేటప్పుడు ‘హావ్’ను మింగేస్తారు, అప్పుడిక సందర్భమే దిక్కు.

అపోహ: ‘గాటెన్’ అమెరికావాళ్లు చెడగొట్టిన రూపం.

వాస్తవం: అది గెట్‌కు పాత మూడో రూపమే. బ్రిటన్‌లో వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. ‘ఫర్‌గాటెన్’ను ఎవరూ తప్పుపట్టరుగా? పైగా అమెరికన్లకు ‘హావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉంది, ‘హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నారు.

అపోహ: గెట్ అచ్చ ఇంగ్లిష్ మాట.

వాస్తవం: కాదు. స్కాండినేవియా సముద్రయోధులైన వైకింగుల భాష, ప్రాచీన నార్స్ నుంచి వచ్చింది. ‘టేక్’ కూడా అంతే.

అపోహ: రాతలో గెట్ వాడకూడదు.

వాస్తవం: ఆఫీసు నివేదికలో ‘రిసీవ్’, ‘ఒబ్టెయిన్’ నప్పుతాయి, నిజమే. అలాగని ‘గెట్ మ్యారీడ్’ను ‘బికమ్ మ్యారీడ్’ అని దిద్దే మాస్టార్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.